బంకర్‌లో అడుగులు చెరపనివాడి స్కోరుకి చప్పట్లా?

పొద్దున్నే మా గోల్ఫ్ గ్రూపులో స్కోర్‌కార్డ్ ఫోటో పెట్టాడు ఒక పెద్దమనిషి. 88 అట, అంటే మొత్తం 88 స్ట్రోకులు (దెబ్బలు). ఈ ఆటలో ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. కింద వరసపెట్టి చప్పట్లు, దండాలు, "సూపర్ అన్నా", "ఇరగదీశారు అన్నా". ఆదివారం ఆయనతో కలిసి ఆడిన నలుగురిలో నేనొకణ్ణి. మొదటి హోల్ నుంచి చివరిదాకా పక్కనే నడిచాను. అది 88 కాదు. ఏడో హోల్‌లో చెట్ల వెనకాల ఆయన ఎన్ని కొట్టాడో నా కళ్ళారా చూశాను. కార్డు మీద మాత్రం 5 అని గుండ్రంగా రాసుకున్నాడు.

గ్రూపులో నేనేమీ అనలేదు. నలుగురిలో ఒకరి పరువు తీయడం నాకు ఇష్టం ఉండదు. అందుకే పేరు లేకుండా ఇక్కడ రాస్తున్నా. చదివితే ఆయనకే తెలుస్తుంది.

మేం విజయవాడ వాళ్ళం. గోల్ఫ్ ఆడాలంటే తెల్లవారకముందే గొల్లపూడి దగ్గర కార్లు కలుసుకుని, సూర్యాపేటలో టీ తాగి, హైదరాబాద్ దాకా సుమారు 270 కిలోమీటర్లు పోవాలి. ఆఫీసులు, షాపులు, పేషెంట్లు, పిల్లల పరీక్షలు అన్నీ సర్దుకుని పోతాం. అంత కష్టపడి వెళ్ళేది ఆ నాలుగైదు గంటల సంతోషం కోసం. దాన్ని పాడుచేసే హక్కు ఎవరికీ లేదు.

స్కోరు సంగతి వదిలేయండి, అది ఆయన మనస్సాక్షికి సంబంధించింది. నాకు మండింది బంకర్ దగ్గర, అంటే ఇసుక గుంట దగ్గర. పదకొండో హోల్‌లో ఆయన బాల్ గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) పక్క ఇసుకలో పడింది. దిగాడు, రెండు మూడు సార్లు కొట్టాడు, బయటపడ్డాడు, పోయాడు. ఇసుక సర్దే రేక్ అక్కడే చేతికందే దూరంలో ఉంది. ముట్టుకోలేదు. తర్వాత నా బాల్ అదే బంకర్‌లోకి దొర్లి, సరిగ్గా ఆయన మడమ దిగిన చోట ఆగింది. వరి మడిలో గేదె కాలు దిగబడినంత గుంట. అడుగున బాల్ నెత్తి మాత్రం కనిపిస్తోంది. ఇసుకలో ఇంకొకరి అడుగుల గుంటలో పడ్డా రూల్స్ ప్రకారం ఎక్కడున్న బాల్‌ని అక్కడి నుంచే కొట్టాలి. ఆయన కొట్టిన ఇసుకకి నేను రెండు స్ట్రోకులు కట్టాను. "అరెరే, సారీ" అన్న మాటైనా రాలేదు. "సరదా ఆటే కదండీ, తీసి పక్కన పెట్టుకోండి" అన్నాడు. పక్కన పెట్టుకోవడం నాకూ తెలుసు. ఇసుక సర్దడానికి అర నిమిషం పట్టదు కదా, ఆ అర నిమిషం వంగలేడా మనిషి?

సరదా ఆటలో సడలింపులు ఉంటాయి, నేను కాదనను. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీద ఒక ములిగన్, అంటే చెడిన దెబ్బని లెక్కలోంచి తీసేసి మళ్ళీ కొట్టడం, అనుకుంటాం. హోల్‌కి దగ్గరగా ఆగితే గిమ్మీ ఇచ్చుకుంటాం, అంటే ఆ చివరి దెబ్బ వేయకుండానే పడినట్టు ఒప్పుకుంటాం. స్టేబుల్‌ఫర్డ్ (హోల్ హోల్‌కి పాయింట్లు వేసుకునే పద్ధతి) పాయింట్లు పెట్టుకుంటే ఇంకా హాయి, హోల్ చెడిపోతే సున్నా వేసుకుని బాల్ జేబులో పెట్టుకుని నడిచిపోవచ్చు, వెనకవాళ్ళు ఆగక్కర్లేదు. కానీ అవన్నీ ముందే అందరం కలిసి అనుకునేవి. చెట్టు వెనకాల ఎవరూ చూడనప్పుడు బూటుతో బాల్‌ని తోసుకోవడం వాటిలో లేదు. మన ఆటకి అంపైర్ ఎవడూ రాడు. 1925 యు.ఎస్. ఓపెన్‌లో అమెరికా మేటి ఆటగాడు బాబీ జోన్స్ బాల్ గడ్డిలో రవ్వంత కదిలింది. చూసినవాడు లేడు. తనే చెప్పి ఒక స్ట్రోక్ పెనాల్టీ వేయించుకున్నాడు. ఆఖరికి టై అయ్యి, ప్లేఆఫ్‌లో టైటిల్ పోగొట్టుకున్నాడు. అది ఓపెన్ టైటిల్ అండీ. మనకిక్కడ పోయేది ఒక పూట బిర్యానీ బిల్లు!

ఇక క్యాడీ (మన బ్యాగు మోసే కుర్రాడు) సంగతి. బాల్ వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే టైమ్, అంతకుముందు ఐదు ఉండేది. ఈయన వెనక నలుగురిని నిలబెట్టి ఎంతసేపు వెతికించాడో. దొరక్కపోయేసరికి "నీకు కళ్ళు లేవా? డబ్బులు దేనికిస్తున్నాం?" అని ఆ కుర్రాడి మీద అరిచాడు. పొదల్లోకి కొట్టింది ఎవరు? ఆ పిల్లవాడు తలొంచుకుని "సారీ సార్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో ఎవరితోనైనా గోల్ఫ్ అంటే "డబ్బున్నవాళ్ళ బలుపు ఆట" అంటారు. ఎందుకనరు? ఇలాంటి మనిషిని ఒక్కణ్ణి చూస్తే చాలు, ఎవరైనా అలాగే అంటారు.

ఇది రాస్తుంటే పాతది గుర్తొస్తోంది. అసలు ఈ కోపం ఆదివారానిది కాదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఇంటర్ చదువుతోంది, అప్పుడప్పుడే ఆడటం మొదలుపెట్టింది. ఈ పెద్దమనిషి తనకి తను నాలుగడుగుల దూరం నుంచి కూడా గిమ్మీలు ఇచ్చుకుంటూ వచ్చాడు. అమ్మాయి బాల్ రెండడుగుల్లో ఆగింది. అది పడితే తన జీవితంలో మొదటి పార్, అంటే ఆ హోల్‌కి పెట్టిన లెక్క దెబ్బల్లోనే ముగించడం. "వేసెయ్ తల్లీ, ప్రాక్టీసవుతుంది" అన్నాడు. సరే, వేస్తుంది, తనకీ వేయాలనే ఉంది. కానీ ఈయన నిలబడింది ఎక్కడ? హోల్‌కి అవతల, తన నీడ సరిగ్గా పట్ లైన్ మీద, అంటే పిల్ల బాల్ హోల్‌లోకి దొర్లాల్సిన దారి మీద, పడేట్టు. పిల్ల పట్టర్ (బాల్ దొర్లించే కర్ర) వెనక్కి తీసేసరికి ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి "ఆఁ, చెప్పండి, రిజిస్ట్రేషన్ ఎంతవరకొచ్చింది" అని అక్కడే మాట్లాడాడు. ఆ హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బాల్ అంచు తాకి పక్కకి పోయింది. పిల్ల ఏమీ అనలేదు, బాల్ తీసుకుని పక్కకి జరిగింది. ఆయనకి ఏం జరిగిందో కూడా తెలీదు, ఫోన్లోనే ఉన్నాడు.

1969లో అమెరికా, బ్రిటన్ జట్లు ఆడిన రైడర్ కప్ చివరి మ్యాచ్, చివరి హోల్. ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్‌లో బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కి రెండు మూడడుగుల పట్ మిగిలింది. అది తప్పితే కప్ మ్యాచ్ అమెరికా గెలిచినట్టే. అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ వంగి జాక్లిన్ బాల్ మార్కర్ (బాల్ ఉన్న చోటికి గుర్తుగా పెట్టే బిళ్ళ) తీసి చేతికిచ్చేశాడు, వేయక్కర్లేదన్నాడు. 16-16తో టై అయింది. రెండు దేశాలు చూస్తుండగా అంత పెద్దమనసు చూపించినవాడు ఒకడు, సెలవు రోజు ఆటలో ఒక పిల్ల పట్ వేస్తుంటే ఫోన్ ఆపలేనివాడు ఇంకొకడు. ఇద్దరూ ఆడేది ఒకే ఆటంటే నేనెలా నమ్మను?

నాకీ ఆటంటే ప్రాణం. పొద్దున్న మంచు ఆరని గ్రీన్ మీద బాల్ దొర్లితే దాని వెనకే సన్నటి గీత పడుతుంది. సెవెన్ ఐరన్ (ఒక రకం గోల్ఫ్ కర్ర) సరిగ్గా తగిలినప్పుడు చేతికి అసలేమీ తెలీదు, తలెత్తి చూస్తే బాల్ పైన ఉంటుంది. ఆరు పదులు దాటిన మా డాక్టర్ గారు మోకాలికి పట్టీ కట్టుకుని వస్తారు, పాతికేళ్ళ కుర్రాడితో హ్యాండిక్యాప్ (ఆట తక్కువ వచ్చినవాళ్ళకి కొన్ని స్ట్రోకులు వదిలే) లెక్కన సమానంగా ఆడి గెలుస్తారు. గెలిచి ఆ కుర్రాడి డివట్ (దెబ్బకి గడ్డి లేచిన గుంట) కూడా తనే పూడ్చి వస్తారు. ఏ ఆటలో ఉంది ఇది, చెప్పండి!

వచ్చే ట్రిప్‌కి పేర్లు రాస్తున్న తమ్ముడికి నిన్న రాత్రే చెప్పేశాను. ఆ పెద్దమనిషి ఉన్న ఫోర్‌బాల్‌లో (కలిసి ఆడే నలుగురిలో) నన్ను వేయొద్దు. నాతో డాక్టర్ గారు, మా అమ్మాయి ఉంటారు, నాలుగో చోటు ఖాళీగా ఉంది. స్టేబుల్‌ఫర్డ్ ఆడతాం, ఫోన్లు కార్లోనే ఉంటాయి, క్యాడీని పేరు పెట్టి పిలుస్తాం. కొత్తవాళ్ళైనా సరే, ఆట రాకపోయినా సరే, రేక్ పట్టుకోవడం వస్తే చాలు. రావాలనుకున్నవాళ్ళు మెసేజ్ పెట్టండి.