లోతైన ప్రశ్నలకూ పర్మిషన్ ఉండాలి

హైదరాబాద్ బడులకు కొత్త పూనకం వచ్చింది. పిల్లలు పాఠం చదివి అప్పజెబితే చాలదట, చదివినదాని మీద లోతైన ప్రశ్నలు అడగాలట. జవాబుల కోసమే లక్షల్లో ఫీజులు కడుతున్న తల్లిదండ్రులకు ఇదేం ఖర్మ? ప్రశ్నలు వేయడానికి పేపర్ సెట్టర్లు చచ్చారా?

1908 మూసీ వరద పాఠమే తీసుకోండి. పాత పద్ధతిలో ఎంత హాయి! వరద ఎప్పుడొచ్చింది? సెప్టెంబర్ 28. ఒక మార్కు. మళ్లీ ముంపు రాకుండా ఉపాయం చెప్పిన ఇంజినీరు? మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంకో మార్కు. ఉస్మాన్‌సాగర్ 1920, హిమాయత్‌సాగర్ 1927, జతపరచుము. బెల్లు కొట్టేస్తారు, అందరూ క్షేమం.

ఇప్పుడు లోతు మరిగిన ఓ ఏడో తరగతి పిల్ల చెయ్యెత్తుతుంది. "సార్, వరద ఆపడానికి రెండు చెరువులు కట్టారు సరే, అంతకుముందున్నవి ఏమయ్యాయి? మా అపార్ట్‌మెంట్ పేరు లేక్ వ్యూ. లేక్ కనపడదు గానీ వానొస్తే సెల్లార్లోకి వస్తుంది." సారేం చెబుతారు పాపం? ఆయనా అక్కడే మూడో ఫ్లోర్లో ఈఎంఐ కడుతున్నారు. అసలీ ప్రశ్న సోషల్ కిందికొస్తుందా, రిజిస్ట్రేషన్ శాఖ కిందికా?

అదే వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. చక్కటి బిట్టు. వెనక బెంచీ నుంచి ఒకడు, "చెట్టెక్కలేని ముసలివాళ్లు ఏమయ్యారు సార్?" అంటాడు. గైడంతా తిరగేసినా దొరకదు. ఆ పూట సారుకు అన్నం సహించదు.

1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం ఆలోచనకు ఆరు మెట్లు కడితే, గుర్తుపెట్టుకోవడం అట్టడుగు మెట్టు. మనం ఆ మెట్టు మీదే నిలబడి ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకున్నాం. ఇంకా పైకెందుకు?

లోతైన ప్రశ్నలు ఉపనిషత్తుల్లో లేవా అంటారు కొందరు. ఉన్నాయి. ఆరుగురు శిష్యులు ప్రశ్నలతో వస్తే పిప్పలాద మహర్షి, ఏడాది ఇక్కడ ఉండి అప్పుడు అడగండి, తెలిస్తే చెబుతాం అన్నాడు. ఏడాదిలో మనవాళ్లు సిలబస్ ముగించి రెండు రివిజన్లు లాగించేస్తారు. పైగా "తెలిస్తే" అన్న మనిషికి ఏ కార్పొరేట్ కాలేజీ అయినా డెమో క్లాసు ఇస్తుందా?

సరే, తప్పదంటే కోఠి గైడ్లవాళ్లే గట్టెక్కించాలి. 'లోతైన ప్రశ్నలు-జవాబులు', తప్పక వచ్చేవాటికి మూడు స్టార్లు, సైడ్ హెడింగులతో సహా. మిగతాది ప్రభుత్వం చూసుకోవాలి. ఇంట్లో బోరు వేయాలంటేనే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి కదా, ప్రశ్నకు ఎందుకు వద్దు? మొదటి 'ఎందుకు' ఉచితం. రెండోదానికి తల్లిదండ్రుల సంతకం, మూడోదానికి ప్రిన్సిపాల్ ముద్ర. ఫీజు ఎందుకు పెరిగిందన్నది మాత్రం ఎంత లోతులోనూ అనుమతించరాదు.