కాస్తియా బానిసల్ని విడిపించాడు, పరిహారం మాత్రం యజమానులకిచ్చాడు

పందొమ్మిదో శతాబ్దంలో పెరూని ఏలిన సైనిక నాయకుడు రామోన్ కాస్తియాని అక్కడ 'విమోచకుడు' అంటారు. 1854 డిసెంబరు 3న హువాంకాయోలో ఆయన ఇచ్చిన ఆజ్ఞతోనే అక్కడ బానిసత్వం రద్దయింది. అది చాలా పెద్ద పని, కాదనను. నా కోపమంతా డబ్బు ఎవరికి వెళ్లిందన్న దాని మీదే.

విడుదలైనవాళ్లు సుమారు పాతిక వేల మంది. తలకి 300 పెసోల లెక్కన పరిహారం యజమానులకు దక్కింది. చెరకు తోటల్లో తరతరాలుగా ఒళ్లు హూనమైనవాళ్లకు సెంటు భూమి లేదు, ఒక్క పెసో లేదు. అసలు నష్టపోయింది ఎవరండీ?

ఆ డబ్బంతా గ్వానో సొమ్ము. చించా దీవుల్లో కొండల్లా పేరుకున్న సముద్ర పక్షుల రెట్టని యూరప్ పొలాలకు ఎరువుగా అమ్మి సంపాదించింది. దాన్ని తవ్వింది ఎవరంటే, చాలావరకు చైనా నుంచి ఓడల్లో తెచ్చిన కూలీలు. పేరుకి ఒప్పందం, బతుకంతా బానిస బతుకే. వాళ్లని తెచ్చే వ్యాపారులకు తలకింత అని ప్రభుత్వమే సొమ్ము ఇచ్చేలా 1849లో చట్టం వచ్చింది. అది కూడా కాస్తియా మొదటి పాలనలోనే! 1874 దాకా అలా వచ్చినవాళ్లు లక్షకు దగ్గర. యజమానులు ఇటు పరిహారం పుచ్చుకున్నారు, అటు తోటల్లోకి కొత్త చాకిరీ మనుషుల్ని తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. అప్పుడు అంతర్యుద్ధం నడుస్తోంది, పదవిలో ఉన్న ఎచెనికే మీద కాస్తియా తిరగబడ్డాడు. తన సైన్యంలో చేరే బానిసలకు స్వేచ్ఛ ఇస్తానని అధ్యక్షుడు ఎచెనికే నవంబరులో ముందే ప్రకటించాడు. దానికి పోటీగానే కాస్తియా అందరికీ స్వేచ్ఛ అన్నాడు. ఆ ఆజ్ఞలోనే ఎచెనికే తరఫున ఆయుధం పట్టిన బానిసలకు ఇది వర్తించదని రాశాడు. మనిషి స్వేచ్ఛకి ఇలాంటి షరతా? నెల తిరగ్గానే, 1855 జనవరి 5న, లా పాల్మా యుద్ధంలో గెలిచి రాజధాని లీమాలో గద్దెనెక్కి కూర్చున్నాడు.

ఆయన మంచి పనులూ చేశాడు. ఆదివాసీల నెత్తిన వలస పాలన నాటి నుంచి ఉన్న కప్పం పన్నుని అదే 1854 జులైలో అయకూచోలో రద్దు చేశాడు. అందుకు నాకు నిజంగా గౌరవం ఉంది.

కానీ ఆయన కథ చెప్పేవాళ్లు గెలిచిన యుద్ధాలూ, వేసిన రైలు మార్గమూ వర్ణించి, ఈ 300 పెసోల దగ్గర ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆ పాతిక వేల మంది మర్నాడు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎవరి తోటలో మళ్లీ కూలికి వెళ్లారు అన్నది కూడా కాస్తియా చరిత్రే. అది రాయండి.