పేపర్లు లేని కంపునల్లి గారికి

కంపునల్లి గారూ,

చలి మొదలవగానే ఎండ తగిలే గోడ మీద మీ పురుగుల జాతంతా, అదే ఇక్కడివాళ్లు స్టింక్ బగ్ అనే మీవాళ్లంతా, చేరారు. ఇక కిటికీ సందుల్లోంచి లోపలికి దూరడమే తరువాయి. వసంతం దాకా మకాం ఇక్కడే, అద్దె ఊసే లేదు.

అసలు అమెరికాలో ఉండడానికి మీ పేపర్ల సంగతేంటి? తూర్పు ఆసియా నుంచి ఏ సరుకు పెట్టెలోనో నక్కి, 1990ల చివర్లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో తేలారు. ఫలానా జాతి అని ఇక్కడివాళ్లు పోల్చుకునేసరికి 2001 వచ్చింది. ఆకు అడుగున ఒక్కో గుత్తికి దాదాపు 28 గుడ్లు పెట్టే మీకు ఆపాటికి మునిమనవలు కూడా పుట్టేశారు. న్యూజెర్సీలో ఉండే మాకేమో వీసా స్టాంపింగ్, ఎక్స్‌టెన్షన్, మళ్లీ స్టాంపింగ్. గ్రీన్‌కార్డు క్యూలో మన వంతు చెప్పే ప్రయారిటీ డేట్ రెండు నెలలు ముందుకి జరిగితే స్వీట్లు పంచుకుంటాం.

2010లో తూర్పు తీరంలో ఒక్క ఆపిల్ రైతులకే 3.7 కోట్ల డాలర్ల నష్టం చేశారు. పండులోకి ముక్కు గుచ్చి పీల్చేస్తే, పైన చిన్న గుంట, కోస్తే లోపల గోధుమరంగు బెండు. మరుసటి ఏడు మేరీల్యాండ్‌లో ఒకాయన తన ఇంట్లో మిమ్మల్ని లెక్కపెడితే ఆరు నెలల్లో 26 వేలు దాటారు. ఒకే అడ్రసులో అంతమంది ఉంటే అడిగిన నాథుడు లేడు! పెళ్లికి ముందు టూ బెడ్‌రూమ్‌లో ఐదుగురం బ్యాచిలర్లం ఉన్నందుకు మాకు నోటీసొచ్చింది.

నిన్న కర్టెన్ మడతలో మీలో ఒకరు కనబడ్డారు. డాలు లాంటి వీపు, మీసాల మీద తెల్ల పట్టీలు. టిష్యూతో పట్టుకున్నానో లేదో వాసన వదిలారు. వంటింట్లోంచి మా ఆవిడ, "చారు దించకముందే కొత్తిమీర ఎవరు వేశారు?" అంది. తప్పు ఆవిడది కాదు, మీ కంపులో ఉన్న ఆల్డిహైడ్లే కొత్తిమీరలోనూ ఉన్నాయి. వాక్యూమ్‌తో లాగితే ఆ మెషినే కంపు కొడుతుంది. అందుకే సబ్బునీళ్ల డబ్బా పెట్టాం, దయచేయండి.

న్యూజిలాండ్ వాళ్లు నయం. 2018లో జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడల్లో మీరు కనబడితే, ఓడల్నే వెనక్కి పంపేశారు.

ఇక్కడ మీ గుడ్లలో గుడ్లు పెట్టి వాటిని చంపే సమురాయ్ కందిరీగని మీ దేశాల నుంచే తెప్పించి, క్వారంటైన్‌లో ఉంచి, ఏళ్ల తరబడి పరీక్షించారు. బయటికి వదలడానికి పర్మిషన్ ఇంకా రానేలేదు, 2014లో అదే కందిరీగ మేరీల్యాండ్ చెట్ల మీద ప్రత్యక్షమైంది. జన్యు పరీక్ష చేస్తే ల్యాబ్‌లోంచి పారిపోయింది కాదని తేలింది. మీలాగే సొంతంగా దిగిందన్నమాట. వీసా లేకుండా వచ్చినవాణ్ణి పట్టడానికి వీసా లేకుండా ఇంకొకడు!

ఆ కందిరీగ గారు మీకు తారసపడితే మా పెరటి చిక్కుడు పాదు అడ్రసు చెప్పండి. పేపర్లు అడగం.

ఇట్లు,
ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవై, క్యూలో నిలబడ్డ
మీ ఇంటి ఓనరు