సవరణ: క్యాలెండర్ ఈవెంటుకు యూఐడీ ఒక్కటే కీగా సరిపోదు

ఈమెయిల్, క్యాలెండర్ సర్వర్లతో అనుసంధానం చేసే అడాప్టర్‌లో డేటా ఆబ్జెక్టుల నిర్వచనం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, ఈవెంట్ ఆబ్జెక్టుకు యూఐడీని (ఈవెంటుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కోడ్) ప్రైమరీ కీగా, అంటే డేటాబేసులో ఒక రికార్డును మిగతావాటి నుంచి వేరు చేసే గుర్తుగా పెట్టుకుంటే చాలని చెప్పాను. అది తప్పు. క్యాలెండర్ సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి 2009లో వెలువడిన ఐక్యాలెండర్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రకారం, పదేపదే జరిగే సమావేశంలో ఒక్క రోజుదాన్ని మార్చినా ఆ మార్చిన భాగానికీ మూల ఈవెంటు యూఐడీయే ఉంటుంది. రెండింటినీ వేరు చేసేది రికరెన్స్-ఐడీ, అంటే ఆ భాగం అసలు మొదలు కావాల్సిన సమయాన్ని చెప్పే ఫీల్డు.

ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు ఉండే సమావేశాన్ని ఒక వారం మాత్రం మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు మార్చారనుకుందాం. అప్పుడు ప్రారంభ సమయం చెప్పే డీటీస్టార్ట్‌ ఫీల్డులో మంగళవారం 3 గంటలు ఉంటుంది కానీ, రికరెన్స్-ఐడీలో ఆ సోమవారం 10 గంటలే నిలిచి ఉంటుంది. నేను చెప్పిన పద్ధతిలో అయితే ఈ ఒక్క వారం మార్పు వచ్చి మొత్తం సిరీస్ రికార్డునే చెరిపేసే ప్రమాదం ఉంది. దీన్ని చిన్న పొరపాటుగా నేను భావించడం లేదు.

కాబట్టి కీలో యూఐడీ, రికరెన్స్-ఐడీ రెండూ ఉండాలి. మూల ఈవెంటుకు రెండోది ఉండదు. చాలా డేటాబేసులు ప్రైమరీ కీలో నల్‌ను (విలువ ఏదీ లేకపోవడాన్ని) ఒప్పుకోవు కనుక అక్కడ ఖాళీ స్ట్రింగ్ వంటి స్థిరమైన విలువను ఉంచాలి. ఈమెయిల్ ఆబ్జెక్టు గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.