ఉచిత ప్రతులతో పాఠకులు పుట్టరు

తెలుగులో స్వీయ ప్రచురణ కొత్త పోకడేమీ కాదు. నేడు వెలువడుతున్న కథా సంపుటాలు, కవితా సంకలనాలలో చాలా వాటికి డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) మొదలు ముఖచిత్రం వరకు ఖర్చంతా రచయితే భరిస్తున్నాడన్న సంగతి ఈ రంగంతో ఏ కాస్త పరిచయమున్నవారికైనా తెలుసు. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ ఉచితంగానే లభిస్తోంది, కావలసినన్ని ప్రతులే అచ్చు వేయించుకునే వీలూ వచ్చింది. ఇక మిగిలింది ప్రచారం. అది ఫలించకపోవడానికి పాఠకులు తగ్గిపోవడమే కారణమని వేదికల మీద వినిపించే మాటను నేను అంగీకరించలేను. మన రచయితలు తమ పుస్తకాన్ని పాఠకులకు చెప్పడమే మానేసి, తోటి రచయితలకు మాత్రమే చెప్పుకుంటున్నారు.

ఆవిష్కరణ సభనే చూడండి. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, అతిథుల ప్రయాణ ఖర్చులు అన్నీ రచయిత జేబులోంచే పోతాయి. ఎదుట కూర్చున్నవారిలో అధికులు తామూ రాసేవారే. సభ ముగియగానే కట్టలు విప్పి, 'ఆత్మీయతతో' అని సంతకం చేసి, పుస్తకాలు పంచేస్తారు. సాహిత్యం పట్ల ఆసక్తితో అక్కడికి వచ్చిన ఆ మనుషులే నిజానికి పుస్తకం కొనడానికి అందరికంటే ముందుండవలసినవారు. వారికి ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత అమ్మకాలు లేవని వాపోవడంలో అర్థం లేదు. పైగా ఒకసారి అలవాటైనవారు తర్వాతి పుస్తకాన్నీ కొనరు, అందుతుందని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు ఒక్క రచయితతో ఆగక, ధర చెప్పి అమ్మదలచిన ప్రతి కొత్త రచయితకూ అడ్డు తగులుతుంది.

ఊరూ పేరూ తెలియని రచయిత పుస్తకాన్ని డబ్బు పెట్టి ఎవరు కొంటారు, పదిమంది చేతుల్లో పడితేనే కదా నాలుగు సమీక్షలు వచ్చేది అని అడిగేవారున్నారు. ప్రశ్న సహేతుకమే. సమీక్షకులకు, పత్రికలకు ప్రతులు పంపవలసిందే. అయితే ఆ జాబితా పాతికకు మించవలసిన అవసరం నాకు కనబడదు.

అసలు నష్టం మరో చోట జరుగుతోంది. మన పుస్తకాలు అధికభాగం డీటీపీలో వాడే 'అను' అనే ఫాంట్లలో కూర్చబడి, అచ్చయ్యాక ఆ ఫైలుతోనే నిద్రపోతాయి. అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే యూనికోడ్‌లో లేని అక్షరం ఇంటర్నెట్ వెతుకులాటకు దొరకదు కనుక, బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగు పాఠకుడికి ఆ పుస్తకం ఉన్నట్టే తెలియదు. 2016 చివర్లో అమెజాన్ వారి ఈ-పుస్తకాల వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను చేర్చుకున్నప్పుడు తెలుగు ఆ వరుసలో లేదు. ఆ లోటును పూడ్చుకోవలసిన మనం ఉన్న దారులనూ వాడుకోలేదు. సభకయ్యే ఖర్చులో కొంత భాగంతో మొదటి కథనో మొదటి అధ్యాయాన్నో యూనికోడ్‌లోకి మార్చి అందరికీ చదవనిచ్చి, దాని కిందనే ధర, చెల్లింపు వివరాలు ఇస్తే చాలు. 200 రూపాయల పుస్తకం మీద దుకాణం 40 శాతం కమీషన్ తీసుకుంటే రచయితకు మిగిలేది 120. అదీ ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. తానే పంపుకుంటే, 2025 మేలో తపాలా శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ అనే పుస్తకాల రవాణా పథకంలో, దాని నిబంధనలకు సరిపోయే 300 గ్రాముల లోపు పుస్తకానికి పన్ను కాక 20 రూపాయలతో సరిపోతుంది.

అయినా రచయితలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అపరిచిత రచయితను పరిచయం చేసే పని ఒకప్పుడు గ్రంథాలయాలది. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకొని, 1935లో కాలువల మీద పడవ గ్రంథాలయం నడిపిన జాతి మనది. ఈ రోజుకీ రెండు రాష్ట్రాలలో ఇంటి పన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తూనే ఉన్నారు. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్నది ఏళ్ల తరబడి వింటున్న ఫిర్యాదు. జిల్లాల వారీగా ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, అందులో పుస్తకాల కొనుగోలుకు ఎంత వెచ్చించారు అన్న లెక్కను ప్రభుత్వాలు ఏటా ప్రకటించాలి. కొనుగోలులో కొంత వాటాను రచయితల నుంచి నేరుగా, నిర్ణీత గడువులో చెల్లించి తీసుకోవాలి. రచయితల సంఘాలు సన్మానాల కోసం మంత్రుల చుట్టూ తిరిగే బదులు ఈ లెక్క అడగడానికి వెళ్లవచ్చు.