హెలికాప్టర్ వచ్చింది సరే, దాని కథ ఎవరి దగ్గరుంది?

విశాఖ బీచ్ రోడ్డు తీరే వేరు. నేవీలో పని అయిపోయిన పెద్ద పెద్ద యంత్రాలు ఒక్కొక్కటిగా అక్కడికే చేరుతున్నాయి. 2002లో కురుసుర జలాంతర్గామి ఒడ్డెక్కింది. 2017లో దానికి ఎదురుగా టీయూ-142 విమానం వచ్చి కూర్చుంది. తర్వాత సీహారియర్ యుద్ధ విమానం, ఇప్పుడు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్. ఈ రకం హెలికాప్టర్‌ను అమెరికా వాళ్లు మొదట తయారుచేసుకున్నది జలాంతర్గాముల వేట కోసం. అలాంటిది వచ్చి వచ్చి ఒక సోవియట్ జలాంతర్గామికి ఇరుగూపొరుగు అయింది. దగ్గర్లోనే, అదే వేట కోసం సోవియట్ వాళ్లు కట్టిన విమానం. ప్రచ్ఛన్న యుద్ధంలోని రెండు పక్షాలూ మన మురీ మిక్చర్ బండ్ల మధ్య రాజీపడ్డాయన్నమాట.

సరదా అలా ఉంచితే, మిగతా మూడింటికీ దీనికీ ఒక తేడా ఉంది. వేట సామానంతా పీకేసి, మనుషుల్నీ సరుకుల్నీ మోయడానికి మార్చిన హెలికాప్టర్ ఇది. 2007లో అమెరికా నుంచి ట్రెంటన్ అనే నౌకను కొని మనవాళ్లు జలాశ్వ అని పేరు పెట్టుకున్నారు కదా, దాంతో పాటు ఇలాంటివి ఆరు వచ్చాయి. వీటి కోసం 2009లో విశాఖలోని నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగలో సారస్ పేరుతో ఒక స్క్వాడ్రన్ (హెలికాప్టర్ల దళం) పెట్టారు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను వెతికి తీయడం, విపత్తుల్లో సాయం మోసుకెళ్లడం, కమాండోలను దించడం వీటి పని. పదిహేడేళ్లు తిరిగి 2024 జూన్‌లో సర్వీసు ముగించాయి. ఒకదాన్ని విశాఖలో శాశ్వతంగా ప్రదర్శించడానికి రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తామని నేవీ అప్పుడే చెప్పింది, ఇచ్చింది.

ఇంతవరకూ వంక పెట్టడానికేం లేదు. నేవీ ఇచ్చింది, ప్రభుత్వం తీసుకుంది, విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ మ్యూజియంగా నిలబెట్టింది. కాకపోతే ఈ వరసలో ఊరి జనం ఎక్కడా లేరు, ఆఖర్న టికెట్ కొనేవాళ్లుగా తప్ప. యుద్ధ విమానమైతే దాని ఆకారమే సగం కథ చెప్పేస్తుంది. ప్రాణాలు కాపాడే హెలికాప్టర్‌కు ఆకారంతో పని జరగదు. అది ఎవర్ని పైకి లాగింది, లాగినవాళ్లెవరు అన్నది తెలియకపోతే మిగిలేది సెల్ఫీకి పనికొచ్చే రేకుల డబ్బా.

దీనికి కుడివైపున పెద్ద తలుపు ఉంటుంది. తలుపు పైన మనుషుల్ని పైకి లాగే వించ్, దానికి చుట్టిన ఉక్కు తీగ. నీళ్లలో ఉన్న మనిషి మీదకు హెలికాప్టర్ వచ్చి ఆగాక, సరిగ్గా తన కిందేముందో పైలట్‌కు కనపడదు. తలుపు దగ్గర నేల మీద పడుకుని, తల బయటపెట్టి కిందకి చూసే మనిషి ఒకడుంటాడు. అతను చెవిలో చెబుతుంటే ఆ మాటను బట్టి పైలట్ ముందుకూ పక్కకూ జరుపుతాడు. రెక్కలు గాలిని కోస్తుంటే హెలికాప్టర్ ఒంట్లో కరెంటు పోగవుతుంది. అందుకని తీగ చివరి కొక్కేన్ని ముందు నీటికి తాకించాలి, ఆ తర్వాతే కింద ఉన్నవాడు ముట్టుకోవాలి. తెలియక ఆత్రంగా చేయి చాపితే షాక్ గట్టిగానే కొడుతుంది. ఇవన్నీ ఆ తలుపు ముందు నిలబడి, ఆ పని చేసిన మనిషి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మన దగ్గర ఇలాంటి చోట్ల బోర్డులు చెప్పేది ఎక్కువగా పొడవెంత, బరువెంత, వేగమెంత అనే.

బ్రిటన్‌లో ఇదే కుటుంబానికి చెందిన సీకింగ్ హెలికాప్టర్లు 1978 నుంచి 2015 దాకా వైమానిక దళం తరఫున పసుపు రంగులో గాలింపు పనిచేశాయి. తీరప్రాంత ఊళ్లకు అవి బస్సుల్లా పరిచయం. 2004 ఆగస్టులో కార్న్‌వాల్‌లోని బోస్కాజిల్ అనే చిన్న ఊరిని వరద ముంచెత్తినప్పుడు, ఇళ్ల కప్పుల మీదా చెట్ల మీదా ఉన్న సుమారు వంద మందిని హెలికాప్టర్లు పైకి తీశాయి. ఒక్క ప్రాణం పోలేదు. సర్వీసు అయిపోయాక వాటిలో చాలావాటిని అమ్మేశారు. ఒకటి స్కాట్లండ్‌లో సెలవులకు వచ్చేవాళ్లు రాత్రి పడుకునే గది అయింది. మూడింటిని యుక్రెయిన్‌కు ఇచ్చారు. కొన్ని మ్యూజియాలకు వెళ్లాయి. సోమర్సెట్‌లో ఒక బృందమైతే పాత సీకింగ్‌లను ఎగిరే స్థితిలోనే ఉంచుతోంది. అదే సోమర్సెట్‌లోని వెస్టన్ సూపర్ మేర్‌లో అచ్చంగా హెలికాప్టర్ల కోసమే ఒక మ్యూజియం ఉంది. అది సర్కారు పెట్టింది కాదు, ఒక అభిమాని సేకరణతో మొదలై వలంటీర్ల చేతుల మీద నడుస్తోంది. తుప్పు గీకేదీ, రంగేసేదీ, సందర్శకుల్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి బటన్లు చూపించేదీ చాలావరకు వాళ్లే.

అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. న్యూకీ విమానాశ్రయం పక్కన ఉత్సాహవంతులు నడిపిన విమానాల మ్యూజియం 2022లో మూతపడింది. స్థలం స్థానిక కౌన్సిల్‌ది, లీజు పొడిగించలేదు. జనం ప్రేమ ఎంత ఉన్నా కాళ్ల కింద నేల సొంతం కాకపోతే అంతే. ఆ మాటకొస్తే మనకే ఒక మెరుగు ఉంది, బీచ్ రోడ్డులో స్థలం ప్రభుత్వానిదే.

మరి మనకు వలంటీర్లు ఎందుకు పుట్టరు? మనవాళ్లకు చరిత్ర పట్టదని తేల్చేయడం సులువు, నేను ఒప్పుకోను. కురుసుర లోపల తల వంచుకుని నడిచే జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. నాకు తోచిన కారణం వేరే. బ్రిటన్‌లో హెలికాప్టర్ సిబ్బందిలో కొందరైనా ఆ తీరంలోనే ఏళ్లకేళ్లు ఉండి, అక్కడి బడుల్లో పిల్లల్ని చదివించుకుని, రిటైరయ్యాక అక్కడే ఇల్లు కొనుక్కునేవారు. డేగలో పనిచేసినవాళ్లు కేరళ నుంచి, హర్యానా నుంచి, బిహార్ నుంచి వస్తారు, కొన్నేళ్లకు బదిలీ మీద వెళ్లిపోతారు. ఇక వాళ్లు కాపాడింది ఎవర్ని? బోల్తాపడ్డ బోటులోని జాలరినో, ప్రమాదంలో పడ్డ నౌకలో పనివాడినో. ఆ జాలరి జాలరిపేటలోనో, భీమిలి వైపో ఉంటాడు. కాపాడినవాడూ బతికినవాడూ మళ్లీ ఒకరికొకరు తారసపడే వీలు దాదాపు లేదు. ఆ ఇద్దర్నీ కలిపే చోటు ఏదైనా ఉంటే అది ఈ మ్యూజియమే.

నిర్వహణ సంగతి కూడా ఇక్కడే తగులుతుంది. సముద్రం మీద తిరిగి వచ్చిన హెలికాప్టర్‌ను మంచినీళ్లతో కడుగుతారు, ఉప్పు నిలవ ఉండకూడదని. సర్వీసులో ఉన్నన్నాళ్లూ దానికి రోజూ చాకిరీ చేసేవాళ్లుండేవారు. ఇప్పుడది ఎగరదు కానీ ఉప్పుగాలి మాత్రం పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం, ఉక్కు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోట ఉప్పు తేమ చేరితే వాటిలో త్వరగా తుప్పుపట్టే లోహాన్ని తినేస్తుంది, పైన రంగు బాగానే కనిపిస్తుంటుంది. అద్దాల స్థానంలో ఉన్న ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కుతుంది. ఇంజిన్ గొట్టాల్లో పిట్టలు గూళ్లు పెడతాయి. మందపాటి ఉక్కుతో కట్టిన కురుసురకే 2007 కల్లా తుప్పు పట్టిన చోట్ల కొత్త రేకులు వేయాల్సి వచ్చింది. 2014లో హుద్‌హుద్ వచ్చిన ఊరు కాబట్టి, దీన్ని నేలకు ఎంత గట్టిగా కట్టారన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ఏటా టెండర్ పిలిచి రంగు వేయించడం వేరు, వారం వారం వచ్చి ఏ రివెట్ దగ్గర బుడగ లేచిందో చూసే కన్ను వేరు. ఆ కన్ను జీతానికి దొరకదు.

జనం ఆలస్యంగా వస్తే ఏమవుతుందో పాత విమానవాహక నౌక విక్రాంత్ చూపించింది. ముంబైలో పదేళ్లకు పైగా మ్యూజియంగా ఉండి, 2012లో భద్రత కారణంగా మూతపడింది. వేలం మాట వచ్చాక గానీ కదలిక రాలేదు. కోర్టులకు వెళ్లారు, సుప్రీంకోర్టు దాకా పోరాడారు, ఓడిపోయారు. 2014లో ముక్కలు చేయడం మొదలుపెట్టారు. దాని ఉక్కు కలిపి ఒక కంపెనీ మోటార్ సైకిల్ చేసి అమ్మింది. మరో విమానవాహక నౌక విరాట్‌ను విశాఖకు తెస్తామని మన ప్రభుత్వం ముందుకొచ్చింది, ఖర్చు దగ్గర తేలలేదు. చివరికి అదీ ముక్కలవడానికి గుజరాత్‌లో ఓడల్ని విడగొట్టే అలంగ్ చేరింది. ఓడతో పోలిస్తే హెలికాప్టర్ చిన్నది. ఖర్చూ చిన్నదే. ఇక్కడ కూడా చేతులెత్తేస్తే చెప్పుకోవడానికి సాకు ఉండదు.

దారి మన ఊళ్లోనే ఉంది. కురుసురలో గైడ్లుగా మొదట్నుంచీ మాజీ నావికులను పెట్టారు. టార్పెడో గది ముందు నిలబడి వాళ్లు చెప్పే తీరుకూ, అద్దెకు తెచ్చిన గైడ్ చెప్పేదానికీ పోలికే ఉండదు. అమెరికాలో శాన్ డియాగో మిడ్‌వే నౌకా మ్యూజియంలోనూ చాలామంది వలంటీర్లు మాజీ సైనికులే. అక్కడొక సీకింగ్‌కు 66 అనే అంకె వేసి పెట్టారు, చంద్రుడి మీద నుంచి వచ్చిన అపోలో-11 వ్యోమగాములను సముద్రంలోంచి తీసిన హెలికాప్టర్ గుర్తుగా. అసలు 66 మాత్రం 1975లో కూలిపోయింది. కథకు అంత బలం ఉంది, యంత్రం వేరేదైనా జనం చూడటానికి వస్తారు. మన దగ్గర యంత్రం అసలుదే, కథే కావాలి.

మల్కాపురం, గాజువాక వైపు రిటైరైన నేవీవాళ్లూ డాక్‌యార్డ్ మెకానిక్‌లూ వందల్లో ఉన్నారు. వాళ్లకు నెలకోసారి హెలికాప్టర్ తలుపు తెరిచి పని చేసుకునే అనుమతి, ఒక చిన్న గది, పనిముట్లు ఇస్తే చాలు. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకు పుస్తకంలో లేని తుప్పు పాఠం అక్కడ దొరుకుతుంది. రహస్యాలు బయటపడతాయన్న బెంగ అక్కర్లేదు. అరవైల నాటి యంత్రం అది, అమెరికా నేవీ దాన్ని ఏనాడో పక్కనపెట్టేసింది.

అన్నిటికన్నా ముందు కావాల్సింది మాటల రికార్డింగు. ఏ తుఫానులో ఎవరి బోటు పోయింది, ఎవర్ని ఎవరు తీశారు అన్నది ఫిషింగ్ హార్బర్‌లో బోటు సంఘాలవాళ్లు కాగితం చూడకుండా చెప్పగలరు. సారస్ స్క్వాడ్రన్ వేరే సీకింగ్‌లతో డేగలోనే కొనసాగుతోంది. యూహెచ్-3హెచ్ మీద పనిచేసినవాళ్లలో కొందరైనా ఇంకా ఈ ఊళ్లోనే ఉంటారు. బదిలీ ఆర్డర్లు వచ్చేలోపు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాలి. దీనికి జీవో అక్కర్లేదు, నేవీ అధికారి ఒకరు సరేనంటే వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు.