సర్జన్ లేని చోట పుట్టిన బిడ్డ

పొద్దున లేస్తూనే తలనొప్పి, వెంటనే వాంతి. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకుంటారు, ఊళ్లో డాక్టరు గ్యాస్ మందు రాస్తాడు. బిడ్డ నడకలో తూలితే దిష్టి తీస్తారు. చూపు మందగించాక స్కాన్ తీస్తే చిన్నమెదడులో కణితి. ఆ స్కాన్ దాకా కూడా చేరని పిల్లలు ఏ లెక్కలోకీ రారు.

ఈ కణితుల్లో పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే రకం నిదానంగా పెరుగుతుంది. చిన్నమెదడులో ఉన్నదాన్ని పూర్తిగా తీసేయగలిగితే సాధారణంగా కీమో, రేడియేషన్ అక్కర్లేదు. పదేళ్ల తర్వాత కూడా నూటికి 90 మందికి పైగా బతికే ఉంటారు. తీసే చేయి లేనిచోట అదే కణితి మెదడులో నీరు నిలిచేలా చేసి ప్రాణం తీస్తుంది. జబ్బు ఒకటే, వయసూ ఒకటే, పుట్టిన చోటే వేరు. దీన్ని తలరాత అనడానికి మేము ఒప్పుకోం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు కేన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, అనేక పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదు. 2030 నాటికి దీన్ని కనీసం 60 శాతానికి చేర్చాలని 2018లో ఆ సంస్థ సంకల్పించింది. 2021లో అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రితో కలిసి కేన్సర్ మందుల సరఫరాకు పూనుకుంది. హర్షిస్తున్నాం. అయితే మెదడు కణితికి వైద్యం చాలావరకు ఆపరేషన్ బల్ల మీదే మొదలవుతుంది. సర్జన్ ఒక్కడే ఉంటే సరిపోదు. పసివాళ్లకు మత్తివ్వగల డాక్టరు, మైక్రోస్కోపు, రక్తం, రాత్రంతా వెంటిలేటర్ పక్కన మెలకువగా ఉండే నర్సు, కణితి ఏ రకమో తేల్చే పాథాలజిస్టు, అందరూ ఒకేచోట దొరకాలి. వారం రోజులు వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్లిపోయే విదేశీ బృందాల మీద మాకు ఆశ తక్కువ. ఎనిమిదో రోజు కుట్లు చీము పడితే చూసేదెవరు?

తూర్పు ఉగాండాలోని ఎంబాలే పట్టణం వేరే దారి చూపింది. అక్కడి పిల్లల ఆస్పత్రిలో అమెరికా సర్జన్ బెంజమిన్ వార్ఫ్ మెదడులో నీరు చేరిన పసివాళ్లకు ఎండోస్కోపుతో ఆపరేషన్ చేసే పద్ధతిని రూపొందించారు. ఆ నీటిని మళ్లించే గొట్టం అమర్చితే అది మూసుకుపోయినప్పుడు దూరపు పల్లెల నుంచి తల్లి వేళకు తిరిగి రాలేకపోతుందన్నదే ఆయన ఆలోచన. ఆ విద్యను ఉగాండా సర్జన్లకు, ఇతర దేశాల వారికి నేర్పారు. మందులతోపాటు ఇలాంటి శిక్షణకూ దాతలు డబ్బు పెట్టాలి.

జబ్బును ముందే పట్టుకోవడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. బ్రిటన్‌లో 2011లో మొదలైన 'హెడ్‌స్మార్ట్' ప్రచారం తల్లిదండ్రులకు, డాక్టర్లకు లక్షణాల కార్డులు పంచింది. అంతకుముందు 14 వారాల దాకా పట్టిన నిర్ధారణ ఏడు వారాల లోపుకు తగ్గింది.

తెలుగు నేలపై 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భయాన్ని చాలా కుటుంబాలకు తగ్గించింది. కానీ మెడుల్లోబ్లాస్టోమా వంటి కణితికి ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాల రేడియేషన్ ఉంటుంది. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి సుమారు 300 కిలోమీటర్లు వచ్చిన కూలి తల్లి అన్నాళ్లు హైదరాబాద్‌లో ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది? పోయిన కూలి ఎవరిస్తారు? బిడ్డతోపాటు తల్లికి బస, భోజనం, దినభత్యం వైద్యంలో భాగంగానే లెక్కగట్టాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, ప్రతి ఆశా కార్యకర్త చేతిలో ఆ లక్షణాల పట్టిక తెలుగులో, గోండిలో ఉండాలి.